తెరచాపా ఇంజనూ రెండూ ఉన్న బోటుకి ఆయిలు (డీజిల్) శుభ్రంగా ఉండాలంటే ఏది ముందు కొనాలి?

మూడేళ్ల కిందట కార్తీక మాసంలో ఒక తెల్లవారుజామున కళింగపట్నం ఒడ్డు దాటుతుండగా మా బోటు ఇంజను రెండుసార్లు ఎగదీసి ఆగిపోయింది. అప్పటికి రెండు కెరటాలు దాటాం. మూడోది ఎదురుగా లేస్తోంది. వెనక కూర్చున్న మా మామ "చాప ఎత్తండ్రా బేగి" అని అరిచాడు. ఆ వేళ గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి చాప నిండింది. బోటు ముక్కు తిరగకుండా కెరటానికి ఎదురుగా నిలబడింది, గట్టెక్కాం. అదే సాయంత్రం పూట, గాలి ఒడ్డుకి తోసే వేళ అయ్యుంటే బోటు అడ్డం తిరిగి బోర్లా పడేది.

లోపలికి వెళ్లాక ఫిల్టరు కింది గిన్నె విప్పి చూశాం. సగానికి పైగా నీళ్లు. వేలు ముంచి నాలుక మీద రాసుకుని ఉమ్మేశాను. ఉప్పు లేదు, చప్పగా ఉంది. అంటే సముద్రపు నీరు కాదు, వాన నీరు. ముందురోజు రాత్రి వాన పడింది. ఇసుక మీద నిలబెట్టిన ఆయిలు క్యాను మూతకి లోపల ఉండాల్సిన రబ్బరు వాషర్ ఊడిపోయి ఎన్నాళ్లయిందో. నలుగురం ఉన్న బోటు ఆ వాషర్ దగ్గర ఆగిపోయింది.

ఈ మధ్య మా బావ గుజరాత్‌లోని వెరావల్ నుంచి తిరిగొచ్చి సొంతంగా ఫైబర్ బోటు చేయించుకుంటున్నాడు. చాప, దానితోపాటు పది హార్స్‌పవర్ డీజిల్ ఇంజను. "బావా, ఆయిల్లో కలిపే మందు కొనమంటున్నారు, పెద్ద ఫిల్టరు పెట్టించమంటున్నారు, రెండింటికీ డబ్బుల్లేవు, ఏది కొనను?" అని అడిగాడు. అతనికి చెప్పిన మాటలే వివరంగా ఇక్కడ రాస్తున్నాను. బారువ నుంచి భోగాపురం వైపు ముక్కాం దాకా ఇసుక మీదికి బోటు లాక్కునే వాళ్లందరికీ ఇది పనికొస్తుంది.

ముందే చెప్పేస్తాను. చాలామంది వరస తిరగేసి కొంటారు. మొదట మందు, తర్వాత ఫిల్టరు, చివరికి క్యాను, మూత. నా లెక్కలో నీళ్లు లోపలికి రాకుండా ఆపే వస్తువు మొదట కొనాలి. వచ్చిన నీళ్లు కంటికి కనబడేట్టు చేసేది రెండోది. చెత్త పట్టే ఫిల్టరు మూడోది. మందు అన్నిటికంటే చివర, అదీ అవసరమైతేనే.

చాప ఉన్న బోటుకే ఈ బెడద ఎక్కువ

రోజూ ఇంజను మీదే తిరిగే బోటులో ఆయిలు నిలవ ఉండదు. పది హార్స్‌పవర్ ఇంజను పూర్తి బరువు మీద నడిస్తే గంటకి రెండు లీటర్ల పైచిలుకు తాగుతుంది. రెండు మూడు రోజుల్లో క్యాను ఖాళీ అవుతుంది, కొత్తది వస్తుంది. చాప వాడేవాళ్లకి అలా కాదు. ఒడ్డు దాటడానికో, గాలి పడిపోయినప్పుడో తప్ప ఇంజను వేయరు. నలభై లీటర్లు పోస్తే వారాలు అలాగే ఉండిపోతుంది. ఆయిలు తగ్గిన మేరకి ట్యాంకులోకి గాలి వస్తుంది. మన తీరంలో ఆ గాలి ఎంత తడిగా ఉంటుందో ఆరేసిన లుంగీని అడిగితే చెబుతుంది. పగలు ఎండకి కాగిన ట్యాంకు రాత్రి చల్లబడితే లోపలి గోడలకి చెమట పట్టి చుక్కచుక్కగా అడుగుకి దిగుతుంది. డీజిల్ నీటికంటే తేలిక, లీటరు 810 నుంచి 845 గ్రాముల మధ్య ఉంటుంది. అందుకని నీళ్లు ఎప్పుడూ అడుగునే ఉంటాయి, సరిగ్గా ఇంజనుకి వెళ్లే పైపు మూతి దగ్గర.

ఆ నీటికీ పైనున్న డీజిల్‌కీ మధ్య, ఆ సన్నటి హద్దు మీద, బూజు పెరుగుతుంది. బాక్టీరియా కూడా పెరుగుతుంది. బూజుల్లో పేరుమోసినది హార్మోకోనిస్ రెసినే. అది బతకడానికి నీళ్లు కావాలి, తినడానికి డీజిల్ కావాలి. పాతిక నుంచి ముప్పై అయిదు డిగ్రీల వేడి దానికి హాయి. మనకి ఏడాదిలో చాలా భాగం అదే వేడి. ట్యాంకు అడుగున చెయ్యి పెడితే గంజి మీద కట్టిన మీగడలా, కాకపోతే నల్లగా, వేలికి చుట్టుకునేది అదే. అది విడిచే ఆమ్లాలు ట్యాంకు లోహాన్ని తింటాయి. ముదిరితే కుళ్లిన కోడిగుడ్డు వాసన కూడా వస్తుంది. నీళ్లు లేకపోతే ఇది పెరగదు. నేను నీళ్ల గురించే ఇంతగా చెప్పడానికి కారణం అదే.

ఇంకో సంగతి. అడుగున పేరుకున్న మడ్డి సముద్రం నెమ్మదిగా ఉన్నన్నాళ్లూ కదలదు. కెరటాలు లేచిన రోజు బోటు ఊగి అంతా కలిసిపోయి ఒక్కసారిగా ఫిల్టరులోకి వస్తుంది. ఇంజను ఎప్పుడు ఆగకూడదో అప్పుడే ఆగడానికి చాలాసార్లు ఇదే కారణం.

అయితే నల్లబడ్డ ఫిల్టరు చూసి ప్రతిసారీ బూజు అనుకోవద్దు. ఎక్కువ కాలం నిలవున్న డీజిల్ గాలి తగిలి తనంతట తానే పాడై నల్లటి జిగురు చేస్తుంది. దానికి బూజు మందు పోస్తే డబ్బు దండగ.

ఎక్కడ కొనాలి

ఊళ్లో డ్రమ్ములో పెట్టి అమ్మేవాళ్ల దగ్గరా, బంకు దగ్గరా? బంకు దగ్గరే. అందులోనూ 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు వరసకట్టే బంకు. ఎక్కువ అమ్ముడయ్యే చోట ఆయిలు నేల కింద నిలవ ఉండదు. ట్యాంకరు దింపుతున్నప్పుడు పోయించుకోవద్దు, అడుగు మడ్డి పైకి లేచి ఉంటుంది. కొన్ని గంటలాగి వెళ్లండి. దూరం వల్ల ఆటో ఖర్చు తగులుతుంది, నిజమే. ఇద్దరు ముగ్గురు బోటు వాళ్లు కలిసి వెళితే ఆ ఖర్చు పంచుకోవచ్చు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్ వస్తోంది. గంధకం పది లక్షల్లో 10 వంతులకి మించకూడదు, నీరు కిలోకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు. లెక్కేస్తే ఇరవై లీటర్ల క్యానుకి మూడు గ్రాముల చిల్లర, ఒక టీ చెంచా కూడా నిండదు. కాబట్టి మీ గిన్నెలో గ్లాసుడు నీళ్లు కనబడ్డాయంటే అవి ఆయిల్లో ఉండాల్సిన నీళ్లు కావు. బంకు ట్యాంకులోనో, క్యానులోనో, మీ బోటులోనో చేరినవి.

బంకులో సాంద్రత పరీక్ష చేయమని అడిగే హక్కు మనకుంది. ట్యాంకరుతో వచ్చిన లెక్కకీ వాళ్లు కొలిచినదానికీ ఘనమీటరుకి 3 కిలోలకి మించి తేడా ఉంటే అనుమానించాలి. అది కల్తీ పట్టుకునే పరీక్ష. కొద్దిపాటి నీటిని అది పట్టదు. నీటికి నేను నమ్మేది సీసా. తెల్ల గాజు సీసా ఒకటి తీసుకెళతాను, కడిగి బాగా ఎండబెట్టినది. క్యాను నింపే ముందు అందులో కొంచెం పోయించి అరగంట కదపకుండా పెట్టి వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటాను. వెనక పేపరు మీద అక్షరాలు స్పష్టంగా కనబడాలి. మసకగా ఉంటే నీరు కలిసినట్టు. అడుగున పాదరసంలా గుండ్రంగా దొర్లే చుక్కలు ఉంటే ఆ ఆయిలు వద్దు.

క్యానా, డ్రమ్మా, కట్టిన ట్యాంకా

ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే డబ్బు తక్కువా ఫలితం ఎక్కువా ఇక్కడే.

మన ఒడ్డున అందరూ వాడేది నీలం రంగు పాత ప్లాస్టిక్ క్యాను. కంపెనీల్లో ఏవేవో రసాయనాలు వచ్చి ఖాళీ అయినవి. అందులో సబ్బు ద్రవమో, శుభ్రం చేసే రసాయనమో ఉన్న క్యాను అన్నిటికంటే ప్రమాదం. మీరు పదిసార్లు కడిగినా గోడలకి అంటుకున్న ఆ సబ్బు గుణం కొంత మిగులుతుంది. సబ్బు నీటినీ నూనెనీ కలిపేస్తుంది కదా, అంట్లు తోమేటప్పుడు చూసేదే. అలా కలిసిన నీరు అడుగుకి దిగదు, నీరు విడదీసే ఫిల్టరు కూడా దాన్ని విడదీయలేదు. మంచి ఫిల్టరు పెట్టి కూడా ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిల్ పాడైందని బాధపడే వాళ్లని మొదట క్యాను ఎక్కడ కొన్నారని అడుగుతాను.

కొత్త క్యాను కొనండి. ఆయిలు మట్టం బయటికి కనబడే తెల్లదో, పసుపు రంగుదో అయితే మేలు. అడుగున నీళ్లు ఉంటే వెలుతురులో గీతలా తేడా తెలుస్తుంది. ఎండకి ప్లాస్టిక్ పెళుసవుతుంది కాబట్టి నీడలో పెట్టండి, బీటలు కనబడితే మార్చేయండి. మూత వాషర్లు రెండు మూడు ఎక్కువ కొని బోటులో పెట్టుకోండి. క్యాను మూతలో వాషర్ ఉందో లేదో పోసిన ప్రతిసారీ వేలితో తడిమి చూడడం నాకిప్పుడు అలవాటైపోయింది.

రెండు వందల లీటర్ల ఇనప డ్రమ్ము నిలవకి చౌక. దాని జబ్బు ఏంటంటే అది మనిషిలా ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉంటుంది. ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ము పగలు ఎండకి వేడెక్కి లోపలి గాలిని బయటికి నెడుతుంది. సాయంత్రం వాన పడి చల్లబడితే లోపలికి పీల్చుకుంటుంది. డ్రమ్ము పైమూత చుట్టూ అంచు ఉంటుంది, ఆ పళ్లెంలో వాన నీళ్లు నిలుస్తాయి. పీల్చేటప్పుడు బిరడా మర చుట్ల సందులోంచి ఆ నీళ్లే లోపలికి పోతాయి. బిరడా గట్టిగా బిగించి ఉన్నా పోతాయి. డ్రమ్మే వాడాలంటే పడుకోబెట్టండి, రెండు బిరడాలూ ఒకే మట్టంలో అడ్డంగా ఉండేట్టు, రెండూ ఆయిలు మట్టానికి కింద మునిగి ఉండేట్టు. పడుకోబెట్టే చోటు లేకపోతే ఒక పక్క ఇటుక పెట్టి వాల్చండి, నీళ్లు బిరడా లేని వైపుకి జారిపోవాలి. పైన తాటాకు కప్పినా కొంత మేలే.

బోటులో కట్టిన ట్యాంకు అయితే ఏ లోహం అన్నది ముఖ్యం. జింకు పూత వేసిన రేకు వద్దే వద్దు. డీజిల్ జింకుని కరిగిస్తుంది, అలా తయారయ్యే సబ్బులాంటి పదార్థం ఫిల్టరునీ నాజిల్‌నీ పట్టేస్తుంది. వెల్డింగు షాపులో చవగ్గా వస్తుందని రేకు ట్యాంకు చేయించుకున్న వాళ్లు రెండో ఏడు మళ్లీ మార్చడం నేను చూశాను. స్టెయిన్‌లెస్ స్టీలు బాగుంటుంది గాని కింద చెక్కకో తడి స్పాంజికో ఆనుకుంటే ఉప్పు నీటికి అక్కడక్కడా చిల్లులు పడుతుంది. చిన్న బోటుకి నా ఓటు ఇంధనానికే చేసిన మందపాటి ప్లాస్టిక్ ట్యాంకుకి. తుప్పు లేదు, విప్పి కడగొచ్చు. ఏ ట్యాంకైనా సరే, అడుగున ఒక మూలకి వాలు, ఆ మూలలో నీళ్లు వదిలే కుళాయి, పైన చెయ్యి పట్టేంత మూత ఉన్న రంధ్రం, ఈ మూడూ చేయించండి. తర్వాత చేయించుకోవాలంటే ట్యాంకు బయటికి తీయాల్సిందే.

ఆయిలు పోసే మూత బోటు తట్టు (డెక్కు) మీద పడుకున్నట్టు ఉంటే ప్రతి కెరటం దాని మీదే పడుతుంది. లోపలి చెమటకంటే ఈ మూత రబ్బరు కారిపోవడం వల్ల వచ్చే నీళ్లే ఎక్కువ. గాలి గొట్టం కూడా పైకి లేచి కిందికి వంగి ఉండాలి, గొడుగు కర్రలా.

పోసేటప్పుడు వడపోత

మన దగ్గర గరాటుకి పాత పంచె ముక్క కట్టి పోస్తారు. ఇసుకని ఆపుతుంది, నీటిని ఆపదు, పైగా దాని నూలు పీచు ఆయిల్లోకి వెళుతుంది. టీ వడపోత జల్లెడ అసలు లెక్కలోకి రాదు. మెత్తటి షామీ తోలు పాతకాలం పద్ధతి, ముందు డీజిల్‌లో తడిపి వాడితే నీటిని ఆపి డీజిల్‌ని పోనిస్తుంది. ఓపిక కావాలి, అసలైన తోలు దొరకాలి. మార్కెట్లో ఆ పేరుతో అమ్మే బట్ట తోలు కాదు, అది నీటిని పీల్చుకుంటుంది, ఆపదు.

నేను కొనమనేది నీరు ఆపే గరాటు. లోపల నీటిని అంటనివ్వని పూత వేసిన సన్నటి స్టీలు జల్లెడ ఉంటుంది. డీజిల్ దిగిపోతుంది, నీళ్లూ చెత్తా గరాటు అడుగు గుంటలో నిలిచిపోతాయి. చివర మిగిలిన గుక్కెడు పారబోయాలి, తొందరలో అదీ ట్యాంకులోకి వంపేయకూడదు. నెమ్మదిగా పోయాలి, ఇరవై లీటర్లకి సమయం పడుతుంది, ఊగే బోటులో విసుగొస్తుంది. అందుకే నేను ఒడ్డునే, ముందురోజు సాయంత్రం, క్యాను నుంచి క్యానుకి ఈ గరాటుతో మార్చుకుంటాను. సబ్బు కలిసిన ఆయిల్లో నీటిని ఇది కూడా పట్టదని గుర్తుంచుకోండి. చాప కుట్టించుకున్న బోటుకి మందు సీసాల మీద పెట్టే డబ్బుతో ముందు ఇది కొనుక్కోవడం మేలని నా గట్టి నమ్మకం.

బోటులో ఫిల్టరు ఒకటా, రెండా

ఇంజనుతో వచ్చే చిన్న ఫిల్టరు చివరి కాపలాదారు. దాని వెనక ఉన్న పంపులో, నాజిల్‌లో సందులు కొద్ది మైక్రాన్లే, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వెంట్రుక మందం దాదాపు డెబ్బై మైక్రాన్లు అనుకుంటే ఎంత సన్నమో తెలుస్తుంది. ఆ భాగాలకి డీజిలే కందెన. నీరు చేరితే కందెన పోతుంది, తుప్పు పడుతుంది, నాజిల్ మొన చిట్లుతుంది. ఆ ఒక్క ఫిల్టరు మీద భారమంతా పెట్టకూడదు. దానికి ముందు నీరు విడదీసేది ఒకటి ఉండాలి. దాని కింద పారదర్శకమైన గిన్నె, గిన్నెకి కుళాయి ఉండాలి.

ఏది కొనాలన్నది మీ ట్యాంకు ఎక్కడుందన్న దాని మీద ఉంటుంది. ఇంజను కంటే ఎత్తులో చిన్న ట్యాంకు ఉండి ఆయిలు దానంతట అదే దిగే బోటు అయితే బాగా సన్నటి ఫిల్టరు పెట్టకండి. దాటించే ఒత్తిడి చాలక ఇంజను ఆకలికి ఆగుతుంది. 30 మైక్రాన్ల రకం, పెద్ద గిన్నె ఉన్నది చాలు. ట్రాక్టరుకి వేసే జంట ఫిల్టరు, ముందు బట్టది, తర్వాత కాగితం, మన శ్రీకాకుళం, విజయనగరం స్పేరు పార్టుల షాపుల్లో ఎక్కడైనా దొరుకుతుంది, లోపల మార్చుకునే వడపోత ముక్క, కార్ట్రిడ్జి, వందల్లోనే వస్తుంది. చిన్న బోటుకి నేనైతే దానికే వెళతాను, గిన్నె మాత్రం అడిగి పెట్టించుకోండి. సముద్రం మధ్య కార్ట్రిడ్జి అయిపోతే మండల కేంద్రంలో దొరికేది కావాలి గాని చెన్నై నుంచి తెప్పించుకునేది కాదు.

ట్యాంకు తట్టు కింద ఉండి పంపు లాక్కునే పెద్ద బోటుకి సముద్రపు వాడకం కోసమే చేసిన, నీరు విడదీసే సెపరేటరు కొనొచ్చు. రాకోర్ లాంటి కంపెనీలవి 30, 10, 2 మైక్రాన్లలో వస్తాయి. ఖర్చు వేలల్లో ఉంటుంది. ముందు 10 వేసుకోండి, 2 మైక్రాన్ల పని ఇంజను మీది ఫిల్టరు చేస్తుంది. ముందే 2 వేస్తే ఊరికే పూడుకుపోతుంది. దానికి పంపు ఎంత బలంగా పీలుస్తోందో చూపే చిన్న వాక్యూమ్ గేజి బిగిస్తే ముల్లు పైకి పాకుతున్న కొద్దీ పూడుతోందని ముందే తెలుస్తుంది, ఇంజను దగ్గేదాకా ఆగక్కర్లేదు.

రెండు ఫిల్టర్లు పక్కపక్కన పెట్టి మధ్యలో మార్చే వాల్వు పెట్టుకోవడం రాత్రిళ్లు బయటుండే వాళ్లకి, దూరం వెళ్లే వాళ్లకి. ఒకటి పూడితే మీట తిప్పడమే, ఇంజను ఆగదు. ఉదయం వెళ్లి మధ్యాహ్నం వచ్చే బోటుకి అంత అక్కర్లేదు, ఆ డబ్బుతో కార్ట్రిడ్జిలు నాలుగు కొని పొడి డబ్బాలో పెట్టుకోండి. అతుకులు ఎక్కువైన కొద్దీ గాలి పీల్చే చోట్లు ఎక్కువవుతాయి. పంపు లాక్కునే వైపు చిన్న సందు ఉంటే ఆయిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కారడం లేదు కదా అని చూసుకోకుండా వదిలేస్తాం.

ఏది పెట్టినా ఫిల్టరు మార్చి లోపల చేరిన గాలి తీయడం చీకట్లో, తడి చేతులతో వచ్చేదాకా ఒడ్డున నేర్చుకోండి. కొత్త ఫిల్టరు రబ్బరుకి డీజిల్ రాసి చేత్తోనే బిగించాలి. ముందు వరసలోని ఫిల్టరుని ఆయిలుతో నింపి పెట్టొచ్చు, ఇంజను మీది చివరి ఫిల్టరులో మాత్రం క్యానులోది నేరుగా పోయొద్దు, ఆ చెత్త నేరుగా పంపులోకి పోతుంది. చేతి పంపు కొట్టి గాలి మర విప్పి బుడగలు ఆగేదాకా వదలాలి. మా బోటులో నలుగురికీ వచ్చు. మా మామకి రాత్రి చూపు ఆనదు, అయినా తడిమి చేస్తాడు.

మందుల సంగతి

మూడు రకాలు ఉంటాయి. బూజు చంపేది, నీటిని అడుగుకి దింపేది, నీటిని ఆయిల్లో కలిపేసేది. మూడోది కొనకండి. నీటిని పొగమంచులా కలిపి ఇంజనులోంచి పంపిస్తుంది, ఫిల్టరు పని కూడా చెడగొడుతుంది. రెండోది నీళ్లు వదిలే కుళాయి ఉన్న ట్యాంకుకే ఉపయోగం. బూజు మందు పని చేస్తుంది, కాని చచ్చిన బూజు ట్యాంకులోనే ఉంటుంది, ఆ మడ్డి అంతా ఫిల్టరుకి వస్తుంది. ముందు నీళ్లు తీసి, ట్యాంకు కడిగి, ఆ తర్వాత సీసా మీద రాసిన మోతాదులో వేయాలి. చేతులకి గ్లౌజులు తప్పనిసరి, అది విషం. ఆయిల్లో కిరోసిన్ కలిపితే శుభ్రమవుతుందని ఒడ్డున చెప్పుకుంటారు. కాదు. పంపుకి కందెన తగ్గుతుంది, అంతే.

రెండు నెలల వేట నిషేధం: నింపి పెట్టాలా, ఖాళీ చేయాలా

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోటు ఇసుక మీదే. ఎండలు మండే కాలం, గాలిలో చెమ్మ. ఒడ్డున దీని మీద ఎప్పుడూ రెండు మాటలు వినబడతాయి, రెండూ నిజమే, ట్యాంకుని బట్టి.

విప్పి తీయగలిగిన ప్లాస్టిక్ ట్యాంకు, క్యాన్లు అయితే ఖాళీ చేయండి. మిగిలిన ఆయిలు అమ్మేయండి లేదా వాడేయండి, ట్యాంకు ఆరబెట్టి మూత బిగించి ఇంట్లో పెట్టండి. కట్టిన ఇనప ట్యాంకు అయితే నిండా నింపండి, వేడికి ఉబ్బడానికి నాలుగు వేళ్ల చోటు వదిలి. గాలి లేకపోతే చెమట పట్టే గోడ ఉండదు. సగం నింపి వదలడం మాత్రం రెండు విధాలా నష్టం. నింపాలంటే డబ్బు కావాలి, వేట లేని రోజుల్లో ఆ డబ్బు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే నిషేధానికి ముందు చివరి వారంలో, చేతిలో డబ్బు ఉన్నప్పుడే నింపేయమంటాను. తిత్లీ లాంటి తుపాను వచ్చే అక్టోబరుకి కూడా ఇదే లెక్క. తుపాను కబురు తెలిస్తే ముందు గాలి గొట్టం మూతికి ప్లాస్టిక్ కట్టండి. తుపాను పోయాక విప్పడం మరిచిపోతే ఇంజను పీల్చుకోలేక ఆగుతుంది, అదొకటి జాగ్రత్త.

ఇప్పటికే పాడైతే

ట్యాంకులో నల్ల మీగడ కనబడితే ఫిల్టర్లు మారుస్తూ పోవడం ఖర్చే తప్ప ఫలితం లేదు. ఆయిలంతా క్యాన్లలోకి దింపి రెండు రోజులు కదపకుండా పెట్టండి. పైన మూడొంతులు పైపుతో లాగి నీరు ఆపే గరాటుతో వడకట్టండి, సీసాలో తేటగా ఉంటే వాడుకోవచ్చు. అడుగు పావు వంతు వదిలేయండి, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ట్యాంకు లోపల బట్టతో తుడవాలి, సబ్బు వాడొద్దు. ఆ మడ్డి ఇసుకలో పోయకండి, నీళ్లలో అసలు పోయకండి, వాడిన ఇంజను ఆయిలు కొనేవాళ్లకి ఇచ్చేయండి. ఆ తర్వాత ఒక పది గంటల నడకకి ఫిల్టరు గిన్నె రోజూ చూడాలి, ఫిల్టరు ఒకసారి మార్చాలి.

బావకి ఏం కొనమన్నాను

అతని దగ్గర ఉన్న డబ్బుకి: కొత్త తెల్ల క్యాన్లు మూడు, వాషర్లు, నీరు ఆపే గరాటు, విప్పి కడిగే ప్లాస్టిక్ ట్యాంకు, గిన్నె ఉన్న ట్రాక్టరు జంట ఫిల్టరు, కార్ట్రిడ్జిలు రెండు జతలు. మందు లేదు. పెద్ద సెపరేటరు, జంట వాల్వు రాత్రి వేటకి వెళ్లే బోటు కొన్నప్పుడు చూద్దామన్నాను. కట్టిన ట్యాంకు పెట్టించుకునేవాళ్లు ఇంకోటి కొనాలి, బంకుల్లో కొలకర్రకి రాసే నీళ్ల పేస్టు. కర్రకి రాసి ట్యాంకు అడుగుదాకా దింపితే నీళ్లు తగిలిన మేరకి రంగు మారుతుంది, ఎన్ని వేళ్ల నీళ్లున్నాయో కొలిచి చెప్పొచ్చు.

బావ ఆ గిన్నెని ఎక్కడ బిగిస్తాడో నేను దగ్గరుండి చూశాను. మొదట ఇంజను వెనక, ఎవరికీ కనబడని చోట పెట్టబోయాడు. చుక్కాని పట్టుకుని కూర్చున్నవాడి మోకాలి పక్కన బిగించమన్నాను. పొద్దున్న ఇసుక మీంచి బోటు నెట్టే ముందు టార్చి వేస్తే గిన్నె అడుగున ఏముందో తెలుస్తుంది. ఒక్క చుక్క దొర్లినా కుళాయి తిప్పి వదిలేసి, మళ్లీ చూసి, అప్పుడు నెట్టాలి.